గవర్రాజు ఉపవాసం

గవర్రాజు తొమ్మిది రోజులుగా మేత ముట్టడం లేదని ఫోనొచ్చేసరికి విజయదుర్గ ఒక గేదె కడుపులో అడ్డం తిరిగిన దూడని సరిచేస్తోంది. ఫోనుని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, "గవర్రాజుగారిని మనుషుల ఆసుపత్రికి తీసుకెళ్ళండి. నేను పశువుల డాక్టర్ని" అంది.

అవతల ఆడమనిషి గొంతు పెంచింది.

"మనిషి కాదండి. పోతండి. ఏటిపోతు. మా పడవ లాగేదండి."

దూడ బయటికొచ్చి కాళ్ళమీద నిలబడేదాకా విజయదుర్గ ఆ మాటే తలుచుకుంటూ ఉంది. తరవాత చేతులు కడుక్కుని, మందుల పెట్టె స్కూటరుకి కట్టుకుని పెదమడుగు దారి పట్టింది.

పి.గన్నవరానికి చాలా దిగువన, గోదావరి పాయ వైనతేయ ఒకప్పుడు దారి మార్చుకున్నప్పుడు వెనక మిగిలిపోయిన నీళ్ళే పెదమడుగు. ఈ ఒడ్డున నిలబడితే ఆ ఒడ్డు కొబ్బరిచెట్లు గడ్డిపరకల్లా కనిపిస్తాయి. మధ్యలో మూడు లంకలు, వాటిమీద మూడు ఊళ్ళు. అడుగంతా మెత్తటి బురద కావడంతో అక్కడ వంతెన నిలవదు. నాచు చుట్టుకుని ఇంజను పడవలు సాగవు. అందుకే అక్కడ పడవల్ని ఏటిపోతులు లాగుతాయి. పాల క్యాన్లూ, కొబ్బరికాయలూ, స్కూలు టీచర్లూ, పెళ్ళివారూ ఎవరైనా పోతు పడవ మీద దాటాల్సిందే.

జొన్నాడలో పుట్టి పెరిగిన విజయదుర్గ చిన్నప్పుడు బంధువుల పెళ్ళికి వెళుతూ ఒకసారి ఆ పడవ ఎక్కింది. పడవకి ముందు నీళ్ళలో నల్లటి వీపొకటి తేలుతూ మునుగుతూ పోవడం ఇప్పటికీ గుర్తే. అయితే ఐదేళ్ళ చదువులో ఏటిపోతు మాట ఒక్క పుస్తకంలోనూ రాలేదు. చేపల చదువు చదివినవాళ్ళు అది పశువంటారు. పశువుల చదువు చదివినవాళ్ళు అది చేపంటారు. దాన్ని ఎవరూ సరిగా చూసింది లేదు.

రేవులో వీరాయమ్మ ఎదురొచ్చింది. యాభై దాటిన మనిషి, చీర మోకాళ్ళపైకి దోపుకుని ఉంది. భర్త పోయిన దగ్గర్నుంచీ పదేళ్ళుగా పడవ తనే నడుపుతోంది. ఆమె పక్కన తెల్ల మీసాల ముసలాయన ఒకడు తాటిమొద్దు మీద కూర్చుని ఉన్నాడు. అతను అప్పలస్వామి. మడుగులో మిగిలిన ఐదు పోతుల్లో బేబీ అనే ఆడపోతు అతనిదే. పోతులని తోలేవాళ్ళలో పెద్దవాడు.

"రండి డాక్టరుగారూ. అదిగోండి, ఆ రెల్లు పక్కన ఉన్నాడు. పిలిస్తే రావటం లేదండి" అంది వీరాయమ్మ.

విజయదుర్గ గమ్ బూట్లు తొడుక్కుని నడుంలోతు నీళ్ళలోకి దిగింది. దగ్గరికెళ్ళాక గానీ దాని సైజు అర్థం కాలేదు. పడవకంటే మూరెడు తక్కువ, అంతే. తల వెనక ఎద్దు మూపురం లాంటి ఎత్తు, దానిమీద కొబ్బరిపీచు పట్టెడ ఒరుసుకున్న గుర్తు. వెడల్పాటి నోరు, నోటికి అటో రెండూ ఇటో రెండూ మనిషంతేసి పొడుగు మీసాలు. వీపుమీద చెయ్యి వేస్తే గేదె చర్మంలా ఉంటుందనుకుంది. నానిన మినప్పప్పులా జారింది. ఒక మీసం నెమ్మదిగా వచ్చి ఆమె మణికట్టు చుట్టూ తడిమి, వదిలేసి వెనక్కెళ్ళింది.

"ఎవరో కొత్తవాళ్ళని చూసుకుంటన్నాడండి. ఏం చెయ్యడు" అంది వీరాయమ్మ.

"మామూలుగా ఏం తింటాడు?"

"తౌడూ కొబ్బరి చెక్కా కలిపి ముద్దలు చేసి పెడతానండి. పూటకి రెండు బుట్టలు. పోయిన వారం మంగళారం నించీ వాసన చూసి మొహం తిప్పేసుకుంటన్నాడు. అంతకుముందు రోజు దాకా పడవ లాగేడండి, ఆయ్."

జ్వరం ఎక్కడ చూడాలో విజయదుర్గకి తెలియలేదు. గుండె ఎక్కడుందో కూడా తెలియలేదు. తలకి రెండువైపులా మొప్పలు కదలడం వాచీ చూసుకుని లెక్కపెట్టింది. మామూలుగా ఎంతుండాలో వీరాయమ్మకీ తెలియదు. గవర్రాజు గడ్డం కింద మాత్రం సంచీలా ఉబ్బి ఉంది. వేలితో నొక్కితే లోపల ఏవో గట్టిగా తగిలి, పక్కకి జరిగాయి. ఆమె డాక్టరైన ఏడాదిన్నరలో ఆవుల పొట్టల్లోంచి ప్లాస్టిక్ సంచులు తీసింది, ఒకసారి చెప్పు తీసింది, ఒకసారి సెల్‌ఫోను చార్జరు తీసింది.

"నోట్లో ఏదో ఇరుక్కుంది. తెరిచి చూడాలి" అంది.

అప్పలస్వామి మొద్దు మీంచి లేచాడు. "నోటి జోలికెళ్ళకండమ్మా."

"ఎందుకండీ?"

"మా నాన్న వద్దనేవోడు."

"అది కారణం కాదు కదండీ తాతగారూ. తొమ్మిది రోజులైంది. ఇంకో వారం ఇలాగే ఉంటే చచ్చిపోతుంది."

అప్పలస్వామి ఏదో అనబోయి, వీరాయమ్మ మొహం చూసి ఊరుకున్నాడు. వీరాయమ్మ కాసేపు పోతువైపే చూసింది. "చదువుకున్నారు. మీకు తెలుస్తది. చూడండి" అంది.

గేదెల నోరు తెరిచే ఇనప చట్రం దానికి చాలలేదు. ఒక గెడ ముక్కకి గోనెపట్టా చుట్టి, ఇద్దరు మగవాళ్ళ సాయంతో పెదవుల మధ్య పెట్టి ఒత్తారు. గవర్రాజు తోక విదిలించలేదు, పారిపోలేదు. నోరు మాత్రం తెరవలేదు. అంత పెద్ద జంతువు అంత మెత్తగా, అంత మొండిగా ఎదురుతిరగడం విజయదుర్గ ఎన్నడూ చూడలేదు. ఆఖరికి పట్టు సడలింది. నోట్లోంచి నీళ్ళు బుడుంగుమని బయటికొచ్చాయి. ఆమె మోచేతిదాకా చెయ్యి లోపలికి పెట్టింది. గుండ్రంగా, జారుడుగా ఏవో తగిలాయి. ఒకటి పట్టుకుని బయటికి తీసింది.

నిమ్మకాయంత ఉంది. తేనెరంగులో ఎండకి మెరుస్తోంది. మొదట ఏదో గడ్డ అనుకుంది. వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే లోపల రెండు నల్లచుక్కలు కనిపించాయి. చూస్తుండగా ఆ రెండు చుక్కలూ కలిసి పక్కకి తిరిగాయి.

అవి కళ్ళు.

"వదిలెయ్యండి! వదిలెయ్యండి! గెడ తీసెయ్యండి!" అని అరిచింది.

అప్పటికే పది పన్నెండు గుడ్లు నీళ్ళలోకి జారిపోయాయి. గెడ తియ్యగానే గవర్రాజు వెనక్కి తగ్గాడు. ఇక వెళ్ళిపోతాడనుకున్నారందరూ. వెళ్ళలేదు. తల దించి, నాలుగు మీసాలూ బురదమీద పరిచి, గుడ్డివాడు చిల్లర వెతుక్కున్నట్టు తడుముతూ వచ్చాడు. ఒక గుడ్డు తగలగానే నోరు కొంచెం తెరిచి లోపలికి పీల్చుకునేవాడు. మళ్ళీ తడిమేవాడు. చుట్టూ ఉన్నవాళ్ళు కాళ్ళు కదపడానికి భయపడి ఎక్కడివాళ్ళక్కడే నిలబడిపోయారు. చివరికి ఒక మీసం విజయదుర్గ చేతిదాకా పాకింది. ఆమె అరచెయ్యి నీళ్ళలో ముంచింది. గవర్రాజు ఆమె వేళ్ళ చివర్లు కూడా తగలకుండా ఆ గుడ్డు తీసుకుని, నోరు మూసుకుని రెల్లులోకి వెళ్ళిపోయాడు.

ఆమె కాలు తీసిన చోట చితికిపోయిన రెండు గుడ్లు నీటిపైకి తేలాయి.

ఒడ్డుకొచ్చాక విజయదుర్గ బూట్లు విప్పి పక్కన పెట్టింది. "రెండు నేనే తొక్కేశానండి" అంది.

"చూడకుండా తొక్కేరు. చూసుంటే తొక్కుదురా?" అంది వీరాయమ్మ. తరవాత నెమ్మదిగా, తనలో తను అనుకున్నట్టు, "జెల్ల నోట్లో కూడా ఇలాగే ఉంటాయండి. సముద్రపు జెల్లలు. చిన్నవనుకోండి, బఠాణీ గింజలంత. నోట్లో గుడ్లున్న జెల్ల దొరికితే మా అమ్మ ఒండేది కాదు. పక్క చేప గుడ్లు తినేసిందనుకునేవోళ్ళం. మోస్తందని అనుకోలేదండి" అంది.

విజయదుర్గ ఆమెవైపు తిరిగింది. చేప శుభ్రం చేసిన చేతికి తెలిసిన సంగతి తనకి తెలియలేదు. ఆ సాయంత్రమే కాకినాడలో ఉన్న స్నేహితురాలికి ఫోను చేసి అడిగింది. ఆమె చేపలమీద పరిశోధన చేస్తోంది. వీరాయమ్మగారు చెప్పింది నిజమేననీ, జెల్లల్లో మగదే గుడ్లని నోట్లో పెట్టుకుని మోస్తుందనీ, పిల్లలు బయటికెళ్ళేదాకా ఏమీ తినదనీ ఆమె చెప్పింది. ఏటిపోతు ఎన్నాళ్ళు మోస్తుందో మాత్రం ఎవరికీ తెలియదంది.

మర్నాడు విజయదుర్గ నోటుబుక్కు పట్టుకుని మళ్ళీ రేవుకొచ్చింది. అప్పలస్వామి ఆమెతో మాట్లాడకూడదనే అనుకున్నాడు. కానీ ఆమె అడిగే ప్రశ్నలు విన్నకొద్దీ అతనే దగ్గరికి జరిగాడు.

"పిల్లపోతులు ఎక్కణ్ణుంచి వచ్చేవండీ?"

"సముద్రం ఇచ్చేదమ్మా. వరదల్లో ఏటికీ మడుగుకీ మధ్యనున్న లాకు దాటి ఎదురెక్కి వచ్చేయి. మూరెడేసి ఉండేయి. పట్టి పెంచుకునేవోళ్ళం."

"మడుగులో పుట్టడం ఎప్పుడైనా చూశారా?"

"లేదండి. ఇక్కడ పుట్టవు. మా తాత కూడా చూళ్ళేదు."

"మరి ఇలా తిండి మానేసినవి ఇంతకుముందు?"

"ఉపవాసం పట్టిందనేవోరండి. సముద్రం మీద బెంగ పెట్టుకుందని, పట్టెడ తీసేసి లాకు దాటించి ఏట్లోకి వదిలేసేవోరు. కొన్ని తిరిగొచ్చేయి, కొన్ని రాలేదు."

"వదిలిన తరవాత రెండు మూడేళ్ళకి పిల్లలు వచ్చేవా?"

అప్పలస్వామి వేళ్ళమీద ఏవో సంవత్సరాలు లెక్క వేసుకున్నాడు. మళ్ళీ మొదట్నుంచీ వేసుకున్నాడు.

"సముద్రం ఇవ్వలేదన్నమాట" అన్నాడు చివరికి. "మేం పంపినోళ్ళ పిల్లలే తిరిగొచ్చేరన్నమాట."

"ఆఖరుసారి పిల్లలు ఎప్పుడొచ్చాయి?"

"పదహారేళ్ళయిందండి. లాకు తలుపు తుప్పుపట్టి బిగిసిపోయింది. ఆ కాడ్నించీ ఒక్కటి రాలేదు."

"ఈ పదహారేళ్ళలో ఉపవాసం పట్టినవి?"

అప్పలస్వామి మడుగువైపు చూస్తూ కూర్చున్నాడు. "రెండండి" అన్నాడు. "ఏట్లోకి వదిలే దారి లేదు కదా. నోట్లో గొట్టం పెట్టి జావ పోసేం. రెండూ పోయేయి. అందుకనండి నిన్న వద్దన్నాను. మా నాన్న మాట అన్నాను గానీ, నా చేత్తో పోసింది చెప్పలేకపోయేను."

విజయదుర్గ నోటుబుక్కు మూసింది. "తల్లి ఎవరండీ? బేబీయేనా?" అని అడిగింది.

"బేబీకి తిండెక్కువండి, లావెక్కిందంతే" అన్నాడతను ఠక్కున. ఇద్దరూ బేబీవైపు చూశారు. పది రోజుల కిందటి దాకా నీళ్ళమీద పీపాలా తేలిన పొట్ట ఇప్పుడు లేదు. "ఆయ్... అయ్యుండొచ్చండి" అన్నాడు.

వీరాయమ్మ గవర్రాజుకి పలుపు విప్పేసింది. లంకలకి వెళ్ళేవాళ్ళు ఊరుకుంటారా, ఆమె గెడ పట్టుకుంది. పోతు అరగంటలో దాటించే దూరం గెడతో గంటన్నర పట్టేది. చేతులు బొబ్బలెక్కాయి. విజయదుర్గ సాయంత్రాలు వచ్చి ఒక దరి నుంచి ఇంకో దరికి తనూ గెడ వేసింది. మొదటి రెండు రోజులూ పడవ తిరిగిన చోటే తిరిగింది. ప్రయాణికులు నవ్వుకున్నారు. మూడో రోజు నుంచి నవ్వడం మానేసి, పక్కనున్న తెడ్లు అందుకున్నారు.

వదిలేసిన గవర్రాజు రెల్లులో ఉండలేదు. మడుగు దక్షిణపు కొసకి ఈదుకెళ్ళి, లాకు తలుపుకి ముక్కు ఆనించి పడుకున్నాడు. తరవాతి రోజూ అక్కడే, ఆ తరవాతి రోజూ అక్కడే ఉన్నాడు.

"అడుగుతున్నాడండి" అంది వీరాయమ్మ.

విజయదుర్గకి భయం వేసింది. ఏట్లోకి వెళితే మళ్ళీ కళ్ళకి కనిపించడు. బయట వలలున్నాయి, మరపడవలున్నాయి. ఇక్కడే ఉంచితే తను రోజూ చూడొచ్చు, రాసుకోవచ్చు, ఏదైనా అయితే ఇంజక్షనయినా ఇవ్వొచ్చు. ఆ మాటే అంది.

"మీరు చూడ్డానికి ఉంచుదామంటారా, వాడి కోసం ఉంచుదామంటారా?" అని అడిగింది వీరాయమ్మ. కోపంగా అడగలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది.

విజయదుర్గ ఆ రాత్రి జవాబు వెతుక్కుని, పొద్దున్నే లస్కరు సత్తియ్య ఇంటికి వెళ్ళింది. లాకు తాళాలు అతని దగ్గరే ఉంటాయి. తలుపు తెరవమంటే అతను నవ్వాడు. "తాళం ఉందండి. తలుపే లేవదు." అయినా వచ్చి చూశాడు. మర మీద ఆముదం పోశాడు. మూడు లంకల వాళ్ళూ పారలు పట్టుకొచ్చి తలుపు కింద పేరుకున్న ఒండ్రు తవ్వారు. పందొమ్మిది రోజులు పట్టింది. చివరి రోజు ఎనిమిది మంది కలిసి ఇనప చక్రం తిప్పితే, తలుపు మూలిగి మూలిగి నడుమెత్తు లేచింది. నీళ్ళు ఇటు నుంచి అటు లాగాయి. ఏటి ఉప్పు వాసన లోపలికి కొట్టింది.

గవర్రాజు తల ఎత్తాడు. మీసాలు నాలుగూ ముందుకి చాచి ఆ నీళ్ళని తడిమాడు. ఎముకలు తేలి ఉన్నాడప్పటికి, మూపురం ఖాళీ సంచీలా పక్కకి వాలింది. తలుపు కింద నుంచి వీపు రాసుకుంటూ దాటాడు. వైనతేయలో ఒకసారి నల్లగా తేలి, మునిగిపోయాడు.

వీరాయమ్మ గట్టుమీద చాలాసేపు నిలబడింది. "పదేళ్ళు నా ఎదురుగా ఉన్నాడండి. పొద్దున్న లేస్తే ముందు వాడి మొహం చూసేదాన్ని" అంది. విజయదుర్గ ఆమె పక్కనే నిలబడింది.

రోజులు గడిచాయి. వలలో ఏదో పెద్దది పడిందని ఒకసారి కబురొస్తే ఇద్దరూ ఆటోలో రాజోలు దాకా వెళ్ళారు. తీరా చూస్తే అది టేకుచేప. ఊపిరి పీల్చుకుని తిరిగొచ్చారు. గవర్రాజు వెళ్ళిన ఇరవై నాలుగో రోజు పొద్దున్న వీరాయమ్మ రేవులో బిందె ముంచుతుంటే మణికట్టుకి ఏదో చుట్టుకుంది. చూడకుండానే ఆమెకి తెలిసింది. బిందె వదిలేసి నీళ్ళలోనే కూలబడి, ఆ మీసం పట్టుకుని ఏడ్చింది. గవర్రాజు గడ్డం కింద సంచీ లేదు. నోరు ఖాళీ. ఆ పూట ఐదు బుట్టల మేత తిన్నాడు. ఆరోది విజయదుర్గ పెట్టనివ్వలేదు.

మూపురం మళ్ళీ నిలబడ్డానికి నెలపైన పట్టింది. పట్టెడ వేసిన మొదటి రోజు ప్రయాణికులని ఎక్కించుకోలేదు. వీరాయమ్మ, విజయదుర్గ, అప్పలస్వామి ముగ్గురే పడవలో కూర్చున్నారు. అడుగుచెక్క మీద కర్రతో కొట్టే దరువు నీళ్ళలోంచి పోతుకి వినిపిస్తుంది. ఒక దెబ్బకి కదులుతుంది. రెండిటికి ఎడమకీ, మూడిటికి కుడికీ తిరుగుతుంది. ఎడతెగకుండా కొడితే ఆగుతుంది. వీరాయమ్మ ఒక దెబ్బ కొట్టింది. గవర్రాజు కదిలాడు. నడిమిలంక వైపు తిప్పుదామని రెండు కొట్టింది. తిరగలేదు. మళ్ళీ కొట్టింది. నేరుగా దక్షిణానికి లాగాడు.

"ఆపు ఆపు, లాకు వైపు పోతన్నాడు!" అన్నాడు అప్పలస్వామి.

వీరాయమ్మ ఎడతెగకుండా కొట్టింది. పదేళ్ళలో ఆ దరువుకి ఆగకపోవడం ఇదే మొదలు. విజయదుర్గ ఆమె చేతిమీద చెయ్యి వేసింది.

"వీరాయమ్మగారూ, ఎక్కడికి వెళ్తాడో చూద్దామండి."

వీరాయమ్మ కర్ర పక్కన పెట్టేసింది.

లాకు తలుపు ఈలోపు ఇంకా పైకి లేపి ఉంచారు. తలలు వంచుకుని దాని కిందనుంచి దాటారు. ఏట్లో మూడు గంటలు ప్రయాణం. వీరాయమ్మ లాకు అవతలికి రావడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. ఇటు కొబ్బరితోటలూ అటు చేపల చెరువులూ చూసుకుంటూ, ఇది ఏ ఊరు, అది ఏ రేవు అని అడుగుతూనే ఉంది. సముద్రం హోరు వినిపించే చోట గవర్రాజు ఏటిని వదిలి, మడచెట్ల మధ్య సన్నటి పాయలోకి తిరిగాడు. అక్కడ నీళ్ళు నడుంలోతు కూడా లేవు. వేళ్ళ నీడలో ఆగి, కదలకుండా ఉండిపోయాడు.

మొదట ఏమీ కనిపించలేదు. తరవాత వేళ్ళ సందుల్లో నీటిమీద సన్నటి దారాలు నిలబడ్డాయి. ఒకచోట నాలుగు, ఇంకోచోట నాలుగు. దారాలు కదిలాయి. వాటి కింద జానెడు పొడుగు నల్లటి పిల్లలు ఒక్కొక్కటీ బయటికొచ్చి గవర్రాజు పొట్టకింద చేరాయి. ఒకటి దారి తప్పి పడవ పక్కకొచ్చింది. విజయదుర్గ చెయ్యి నీళ్ళలో పెట్టి కదపకుండా ఉంచింది. దారం లాంటి మీసం ఆమె చిటికెనవేలు తడిమి చూసి, నచ్చలేదేమో, తండ్రి దగ్గరికి పారిపోయింది.

"పదిహేడున్నాయండి" అంది విజయదుర్గ గుసగుసగా.

"పందొమ్మిదండి" అంది వీరాయమ్మ.

"రెండుసార్లు లెక్కపెట్టాను."

"ఆ వేరు వెనకాల రెండున్నాయి, మీరు చూళ్ళేదు. అప్పలస్వామిగారూ, మీరు చెప్పండి."

అప్పలస్వామికి అంత దూరం చూపు ఆనదు. అయినా పడవ అంచు పట్టుకుని, మెడ చాచి, చాలా శ్రద్ధగా చూశాడు. "ఎన్నయితేనేం, ఇందులో ఆడవెన్ని, మగవెన్ని? అది ఎలా తెలుస్తదండీ డాక్టరుగారూ?" అన్నాడు.

విజయదుర్గకి తెలియదు. ఆ మాటే చెప్పి, నోటుబుక్కు తీసింది.